కట్టక ముందే కట్టి చూడాలి



వార్షిక సంచికలో ఏం రాయాలని ఆలోచించినప్పుడు, మనలో చాలామంది ఇళ్ళకు దగ్గరగా ఉండి, మన చదువులకు మాత్రం ఇంకా దూరంగా ఉన్న ఒక విషయం మాకు తోచింది. ఒక ఫ్యాక్టరీని నేల మీద కట్టే ముందు కంప్యూటరులో పూర్తిగా కట్టి చూసే పద్ధతి అది. దాని పేరు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. పొట్టిగా బిమ్ అంటారు. ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అని పేజీ తిప్పేయవద్దని మనవి. ఫ్యాక్టరీలు కట్టేది మన నాన్నలు, అన్నలు. కట్టాక అందులో కాంట్రాక్టు కూలీలుగా లోపలికి వెళ్ళేదీ వాళ్ళే. కాబట్టి ఆ ఫ్యాక్టరీని ఎలా ప్లాన్ చేస్తున్నారో అడిగే హక్కు మనకు ఉంది.

మా అభిప్రాయం మొదటే చెప్పేస్తాం. ప్రమాదకరమైన ఏ పరిశ్రమనైనా ఈ పద్ధతిలోనే ప్లాన్ చేయాలి. కట్టడం అయిపోగానే ఆ మోడల్‌ను మూలన పడేయకుండా ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ దిద్దుతూ ఉండాలి. లోపల పనిచేసే కార్మికుడికి దాన్ని చూపించాలి. ఈ పనులు చేసే కుర్చీల్లో మన హాస్టళ్ళ పిల్లలు కూర్చోవాలి.

ఇల్లు వేరు, ఫ్యాక్టరీ వేరు

మా నాన్న సెంట్రింగు పనికి పోయేవాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. బిమ్ అంటే ఏమిటని నాన్న అడిగితే మేము ఇలా చెప్పాం: "గోడ కట్టి, ప్లాస్టరింగు చేసి, రంగు వేశాక కరెంటు వాళ్ళు వచ్చి ఆ గోడనే పగలగొట్టి పైపు వేస్తారు కదా! ఆ పగలగొట్టుడు లేకుండా ముందే చూసుకోవడం." నాన్నకు వెంటనే అర్థమైంది. ఎందుకంటే పగలగొట్టే పని, పూడ్చే పని రెండూ చేసింది ఆయనే.

ఇంట్లో అయితే పగలగొట్టినా పోయేది ఒక రోజు కూలి, ఒక బస్తా సిమెంటు. ఫ్యాక్టరీలో అలా కాదు. మన రామగుండం ఎరువుల కర్మాగారాన్నే చూడండి. పాత కర్మాగారం 1999లో మూతపడింది. దాని స్థలంలో కట్టిన కొత్త కర్మాగారాన్ని 2022 నవంబరు 12న జాతికి అంకితం చేశారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా తయారు చేసేలా, దానితో 3,850 టన్నుల యూరియా తీసేలా కట్టారు. అలాంటి చోట ఎత్తయిన టవర్లు, పంపులు, కంప్రెసర్లు, వాటి మధ్య వందలాది పైపులైన్లు, వాటి పక్కనే కేబుల్ ట్రేలు, వాటిని మోసే ఉక్కు స్తంభాలు, భూమిలోపల పునాదులు, డ్రైనేజీలు ఉంటాయి. ఒక్కొక్క దాన్నీ ఒక్కొక్క విభాగం వారు డిజైన్ చేస్తారు. సివిల్ వారు పునాది గీస్తారు. మెకానికల్ వారు యంత్రం గీస్తారు. పైపింగ్ వారు పైపు గీస్తారు. ఎలక్ట్రికల్ వారు కేబుల్ గీస్తారు. ఎవరి కాగితం మీద వారి గీతలు సరిగ్గానే ఉంటాయి. నాలుగు కాగితాలూ సైటులో కలిసేసరికి పైపు వెళ్ళాల్సిన చోట దూలం అడ్డంగా ఉంటుంది!

ఈ చిక్కు ఈనాటిది కాదు. పాతకాలంలో ట్రేసింగ్ పేపర్లను ఒకదాని మీద ఒకటి పరిచి, వెలుతురులో పెట్టి చూసేవారు. పెద్ద కర్మాగారాలకైతే ప్లాస్టిక్‌తో చిన్న నమూనా ఫ్యాక్టరీనే తయారు చేసి, అందులో రంగురంగుల పైపులు అమర్చి చూసేవారు. 1977లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న క్యాడ్ సెంటర్ నుంచి పిడిఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఫ్యాక్టరీ మొత్తాన్ని మూడు కొలతల్లో కంప్యూటరులో కట్టే పనికి అది పునాది వేసింది. ఆ సంస్థే తరువాత అవీవా అయింది. బిల్డింగులకు ఇదే ఆలోచనను చార్లెస్ ఈస్ట్‌మన్ అనే ఆచార్యుడు 1970లలో ప్రతిపాదించారు. "బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడల్" అన్న మాట 1992 నాటి ఒక పరిశోధనా పత్రంలో కనబడుతుంది. అంటే, బిమ్ అన్న పేరు ఊళ్ళోకి రాకముందే ఫ్యాక్టరీల వాళ్ళు ఆ దారిలో నడవడం మొదలుపెట్టారన్న మాట.

బొమ్మకు, మోడల్‌కు తేడా

చాలామంది దీన్ని అందమైన త్రీడీ బొమ్మ అనుకుంటారు. అసలు విలువ లోపలి సమాచారంలో ఉంది. మోడల్‌లో ఒక వాల్వును నొక్కితే దాని నంబరు, సైజు, ఏ లోహంతో చేసింది, ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది, ఏ లైనులో ఉంది అన్నీ వస్తాయి. పైపు సైజు మారిస్తే దాని నుంచి తీసే డ్రాయింగులు, మెటీరియల్ లిస్టు కూడా మారతాయి. ఒకచోట దిద్ది మరోచోట మరిచిపోయే పని తగ్గుతుంది.

ఇక ఢీకొనడాన్ని చూడటం. దీన్ని క్లాష్ అంటారు. పైపు దూలంలోంచి పోతున్నట్టు ఉంటే కంప్యూటరు పట్టేస్తుంది. ఇది సులువు. రెండో రకం క్లాష్ ఇంకా ముఖ్యమైనది. అక్కడ వస్తువులు ఢీకొనవు, మనిషికే చోటు ఉండదు. ఉదాహరణకు హీట్ ఎక్స్‌ఛేంజర్ లోపల గొట్టాల కట్ట ఉంటుంది. శుభ్రం చేయాలంటే దాన్ని బయటికి లాగాలి. కట్ట 6 మీటర్ల పొడవుంటే ఎదురుగా కనీసం అంత ఖాళీ ఉండాలి. అక్కడ ఇంకెవరో స్తంభం పెట్టేస్తే కాగితం మీద ఏ తప్పూ కనబడదు. మూడేళ్ళ తరువాత షట్‌డౌన్ వచ్చినప్పుడు ఫిట్టర్లూ, రిగ్గర్లూ వంకర కోణాల్లో గొలుసులు కట్టి ప్రాణాల మీదకు తెచ్చుకుంటారు. వాల్వు చక్రం చేతికి అందుతుందా, నిచ్చెన దిగే చోట తలకు పైపు తగులుతుందా, మంటలు లేస్తే రెండు వైపులకూ పరుగెత్తే దారి ఉందా అన్నవన్నీ మోడల్‌లోనే చూడవచ్చు.

అందుకే పెద్ద ప్రాజెక్టుల్లో డిజైను 30 శాతం, 60 శాతం, 90 శాతం అయినప్పుడల్లా అన్ని విభాగాలవారూ ఒకచోట కూర్చుని మోడల్‌ను సమీక్షిస్తారు. మొదటి సమీక్షలో యంత్రాలు ఎక్కడ ఉండాలో తేలుస్తారు. చివరికి వచ్చేసరికి చిన్న పైపులు, సపోర్టులు కూడా చూస్తారు. దీనికి కాలాన్ని జోడిస్తే ఏ నెలలో ఏది నిలబెట్టాలో, పెద్ద క్రేను ఏ దారిన రావాలో, టవరు ఎత్తాక పైపు ర్యాక్ కట్టాలా, ముందే కట్టాలా అన్నది తెరమీద ఆడించి చూడవచ్చు. దీన్ని ఫోర్ డీ అంటారు. ఖర్చు కూడా జోడిస్తే ఫైవ్ డీ. మన దేశంలో నాగపూర్ మెట్రో పనుల్లో ఈ ఫైవ్ డీ పద్ధతి వాడారు.

ఇవన్నీ గొప్పలకు చెప్పే మాటలు కావు. 2004లో అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడి భవనాలు, పరిశ్రమల రంగంలో ఒకరి సమాచారం మరొకరికి సరిగ్గా అందకపోవడం వల్ల 2002లో అయిన నష్టం 1,580 కోట్ల డాలర్లు. అందులో దాదాపు మూడింట రెండు వంతుల భారం కట్టినవారి మీద కాక, ఆ కట్టడాలను సొంతం చేసుకుని నడిపేవారి మీద పడింది. అంటే అసలు బాధ కట్టేటప్పటి కంటే నడిపేటప్పుడే ఎక్కువ. బ్రిటన్ ప్రభుత్వం 2016 ఏప్రిల్ నుంచి తన ప్రాజెక్టులకు బిమ్‌ను తప్పనిసరి చేసింది. 2018లో ఐఎస్‌ఓ 19650 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఎవరు ఏ సమాచారం ఎప్పుడు ఇవ్వాలి, ఎవరు ఆమోదించాలి అన్నది అది చెబుతుంది.

సుద్దముక్కతో గీసిన పైపు

ఇంత తతంగం అవసరమా అనేవారికి ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లండులో ఫ్లిక్స్‌బరో అనే ఊరిలో నైలాన్‌కు కావలసిన ముడిపదార్థం తయారు చేసే కర్మాగారం ఉండేది. అందులో ఆరు రియాక్టర్లు ఒకదాని తరువాత ఒకటి మెట్లు దిగినట్టు ఉండేవి. 1974 మార్చిలో అయిదో రియాక్టరుకు పగులు కనిపించింది. దాన్ని తీసేసి, ఉత్పత్తి ఆగకుండా నాలుగో దానికీ ఆరో దానికీ మధ్య 20 అంగుళాల తాత్కాలిక పైపు వేశారు. రెండూ ఒకే ఎత్తులో లేవు కనుక పైపును వంపులు తిప్పాల్సి వచ్చింది. దానికి వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీసిన గీత తప్ప వేరే డ్రాయింగు లేదని విచారణలో తేలింది. ఆ వంపుల మీద పడే బలాలను ఎవరూ సరిగ్గా లెక్కకట్టలేదు. 1974 జూన్ 1న ఆ పైపు విడిపోయింది. బయటికి వచ్చిన ఆవిరి మేఘం పేలింది. 28 మంది చనిపోయారు. అది శనివారం. మామూలు పనిదినమైతే ఆఫీసుల్లో ఇంకా ఎంతమంది ఉండేవారో!

ఆ రోజుల్లో ఇప్పటి కంప్యూటర్లు లేవు నిజమే. మేము చెప్పదలచినది వేరు. ఫ్యాక్టరీ కట్టినప్పటి డ్రాయింగు ఎంత బాగున్నా, ఆ తరువాత చేసిన మార్పు అందులోకి ఎక్కకపోతే ఆ డ్రాయింగు అబద్ధం చెబుతుంది. అబద్ధం చెప్పే డ్రాయింగు, డ్రాయింగే లేకపోవడం కంటే ప్రమాదం. ఖాళీ అనుకుని గ్యాస్ కటింగ్ పెట్టిన లైనులో ఇంకేదో ఉంటుంది. బిమ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ప్రారంభోత్సవం రోజు మంత్రిగారికి చూపించి ఆపేసిన మోడల్‌కు, గోడకు వేలాడే క్యాలెండరుకు తేడా లేదు. మార్పు చేసే ప్రతిసారీ ముందు మోడల్‌లో చేయాలి, లెక్క చూడాలి, సంతకం పెట్టాలి, ఆ తరువాతే వెల్డింగు మొదలుపెట్టాలి. పాత ఫ్యాక్టరీలకు డ్రాయింగులు దొరకకపోతే లేజర్ స్కానరుతో ఉన్నది ఉన్నట్టు కొలిచి మోడల్ తయారు చేసే వీలు ఇప్పుడు ఉంది.

మనవాళ్ళు ఎక్కడున్నారు?

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఒక మందుల పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. చాలామంది పొరుగు రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవారు. మోడల్ లేకపోవడమే ఆ ప్రమాదానికి కారణమని మేము అనడం లేదు. కానీ, ఏ గదిలో ఏ పదార్థం ఉంది, పక్క గదిలో ఎంతమంది కూర్చుంటారు, గోడ కూలితే ఎటు కూలుతుంది అన్న ప్రశ్నలు ప్లాన్ దశలోనే వేయాల్సినవి. ఆ ప్రశ్నలు వేయడానికి బిమ్ కంటే మంచి బల్ల ఇంకొకటి లేదు.

భోపాల్ విషాదం తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41-బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర పరిశ్రమలో ఉన్న అపాయాలను కార్మికులకు, చుట్టుపక్కల ప్రజలకు యాజమాన్యం తెలియజేయాలని ఆ సెక్షన్ చెప్పింది. తెలియజేయడం అంటే గేటు దగ్గర ఇంగ్లీషులో బోర్డు పెట్టడమా? షట్‌డౌన్‌కు పది రోజుల కోసం వచ్చిన హెల్పరుకు గేట్ పాస్ చేతికిచ్చి, హెల్మెట్ నెత్తిన పెట్టి లోపలికి పంపడమా? అతనికి అయిదు నిమిషాలు తెర మీద మోడల్ చూపించి, "నువ్వు ఇక్కడ ఎక్కుతావు, ఈ లైనులో యాసిడ్ ఉంది, సైరన్ మోగితే ఇటు దిగాలి" అని తెలుగులోనో, హిందీలోనో, ఒడియాలోనో చెబితే చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. కోట్లు పోసి చేయించిన మోడల్‌ను ఇంజనీర్ల ఏసీ గదికే పరిమితం చేయడం మాకు న్యాయంగా తోచడం లేదు.

మరో మాట. 60 శాతం సమీక్షలో అనుభవం ఉన్న ఒక ఫిట్టరునూ, ఒక వెల్డరునూ, ఒక రిగ్గరునూ కూర్చోబెట్టాలి. ఈ వాల్వు తిప్పడానికి నేను ఎక్కడ నిలబడాలి సార్ అని అతను అడిగే ఒక్క ప్రశ్న ఎన్నో రిపోర్టులకు సమానం. డిగ్రీ లేని అనుభవానికి ఆ బల్ల దగ్గర కుర్చీ వేయాలి. ఇది దయతో చేసే పని కాదు, మంచి ఇంజనీరింగ్.

రెండు సందేహాలు

దీనివల్ల కూలి పనులు పోవా అని మా ఊరి మేస్త్రి ఒకాయన అడిగారు. పగలగొట్టి మళ్ళీ కట్టే పని కొంత తగ్గుతుంది, అబద్ధం చెప్పం. కానీ ఆ పని ఎలాంటిదో మనకు తెలుసు. గడువు దాటిన కోపంలో, రాత్రిపూట, ఎత్తులో, తొందరలో చేసే పని అది. అలాంటి పనిలో పోయే ప్రాణాలకు కూలి డబ్బులు సాటి రావు. పోయే పనికి బదులు వచ్చే కొత్త పనుల్లో మన పిల్లలకు వాటా అడగడమే సరైన దారి.

చిన్న పరిశ్రమలు ఇంత ఖర్చు భరించగలవా అన్నది రెండో సందేహం. వంద యంత్రాలున్న చోటా, పది యంత్రాలున్న చోటా ఒకే స్థాయి మోడల్ అక్కరలేదు. ఎంత వివరం కావాలో ముందే నిర్ణయించుకోవచ్చు. చిన్న యూనిట్‌కు ట్యాంకులు, ముఖ్యమైన లైన్లు, దారులు, ప్రమాదకర నిల్వలు ఉన్న సాదా మోడల్ చాలు. అది కూడా లేకుండా ద్రావకాల డ్రమ్ములు పేర్చుకోవడానికి అనుమతి ఇవ్వకూడదన్నదే మా వాదన.

అయితే బిమ్ ఉంటే అన్నీ అయిపోతాయని కూడా అనుకోవద్దు. ఎయిర్‌బస్ ఎ380 విమానం సంగతి చూడండి. జర్మనీలోని వారు ఒక వెర్షన్ సాఫ్ట్‌వేర్, ఫ్రాన్సులోని వారు మరో వెర్షన్ వాడటంతో తయారైన వైర్లు విమానంలో సరిగ్గా అమరలేదు. 2006లో ఆ సంస్థ వరుస ఆలస్యాలు ప్రకటించాల్సి వచ్చింది. కంప్యూటర్లు ఉన్నాయి, ఇంజనీర్లు ఉన్నారు, మాట కలవలేదు. బిమ్‌లో మధ్య అక్షరమైన ఇన్ఫర్మేషన్ సరిగ్గా లేకపోతే మిగతా రెండు అక్షరాలు దండగ.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరేం చేయాలి?

హైదరాబాదులో కూర్చుని విదేశాల కర్మాగారాలకూ, ఆస్పత్రులకూ మోడల్స్ చేస్తున్న ఆఫీసులు ఎన్నో ఉన్నాయి. ఐటిఐ, పాలిటెక్నిక్, బి.టెక్. ఏది చదివినా ఈ రంగంలోకి దారి ఉంది. అయితే "నెల రోజుల్లో బిమ్ ఇంజనీర్" అన్న కరపత్రాలు చూసి అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి ఫీజు కట్టకండి. బటన్లు ఎక్కడున్నాయో నేర్పితే మోడలర్ అవుతారు. ఎందుకు అక్కడ పెట్టాలో తెలిస్తేనే ఇంజనీర్ అవుతారు.

ముందు డ్రాయింగు చదవడం నేర్చుకోండి. ప్లాన్, ఎలివేషన్, సెక్షన్, పైపు ఐసోమెట్రిక్ చేత్తో గీయండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాన్నతో సైటుకు వెళ్ళి, లెవెల్ ట్యూబుతో మట్టం ఎలా చూస్తారో, రాడ్డు ఎందుకు అలా వంచుతారో అడగండి. నగరంలో పుట్టి పెరిగిన మీ క్లాస్‌మేట్‌కు డబ్బు పెట్టినా దొరకని చదువు అది. తరువాత సాఫ్ట్‌వేర్. ఫ్రీక్యాడ్, బోన్సాయ్ వంటివి పూర్తిగా ఉచితం. రెవిట్, నావిస్‌వర్క్స్, ప్లాంట్ త్రీడీ వంటివి తయారు చేసే ఆటోడెస్క్ సంస్థ కాలేజీ ఆధారం చూపిన విద్యార్థులకు ఉచిత లైసెన్సు ఇస్తుంది. ఐఎఫ్‌సి అనే ఉమ్మడి ఫార్మాట్ గురించి తెలుసుకోండి. సాఫ్ట్‌వేర్లు మారుతూ ఉంటాయి, సమాచారం పంచుకునే పద్ధతి నేర్చుకున్నవారు ఏది వచ్చినా నిలబడతారు.

మన హాస్టల్ నుంచే మొదలుపెట్టవచ్చు. టేపు పట్టుకుని మన వంటగదిని కొలవండి. గ్యాస్ సిలిండర్లు ఎక్కడ ఉన్నాయి, పొయ్యి ఎక్కడ, తలుపులు ఎటు తెరుచుకుంటాయి, మంట లేస్తే వంట అక్కలు ఏ దారిన బయటికి రావాలి అన్నవన్నీ మోడల్‌లో పెట్టండి. రెండొందల మందికి వండే వంటగది ఒక చిన్న ఫ్యాక్టరీయే. ఆ మోడల్‌ను వార్డెన్ గారికి చూపించి, మార్చాల్సినవి అడగండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ప్రతి ఏడాదీ వార్షికోత్సవానికి ఫ్యాన్లు, ప్లేట్లు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి బరువైన ఫైళ్ళు తెరవగల కంప్యూటర్లు రెండు ఇప్పించండి. ఈ రంగంలో ఉన్నవారు నెలకో ఆదివారం వచ్చి పిల్లలకు ఒక నిజమైన డ్రాయింగు చదివి చెప్పండి. ఆ ఆదివారాల్లో మేమూ వస్తాం.

మన పెద్దలు ఎన్నో ఫ్యాక్టరీలకు పునాదులు తవ్వారు. ఏది ఎక్కడ ఉండాలని వాళ్ళను ఎవరూ అడగలేదు. అడిగే రోజు వచ్చినప్పుడు జవాబు చెప్పగలిగేలా, అడగకపోయినా ధైర్యంగా చెప్పగలిగేలా మీరు చదువుకోవాలని కోరుకుంటున్నాం.